నాలుగు మూలల పసుపు

జానకిరామయ్య మాస్టారికి యుద్ధాల పిచ్చి. చీరాలలో ఆయనింటి ముందుగదిలో దేవుడి పటాలకన్నా పతకాలు, టోపీలు, తూటా డొప్పలే ఎక్కువ. లొంగుబాటు పత్రాలకైతే ఏకంగా ఒక బీరువా. ఏం లాభం, అన్నీ నకళ్లే. ఓడినవాడు స్వయానా సంతకం చేసిన అసలు కాగితం ఒక్కటైనా దక్కకుండానే పోతానేమోనని ఆయన బెంగ.

అలాంటిది ప్రత్తిపాడులో గురవమ్మ ఇంట ఉందని తెలిసి, పొద్దున్నే వెళ్లి వాలారు. ఆవిడ భర్త, కాలం చేసిన బాపయ్య, డెబ్బయ్యొకటి యుద్ధంలో హవల్దారు. అవతలి కెప్టెన్, తనతోపాటు ముప్ఫైఒక్కమంది బాపయ్య దళం ముందు ఆయుధాలు దించారని రెండు కాగితాలు రాసి సంతకం చేస్తే, ఒకటి పైవాళ్లకు వెళ్లింది. రెండోది బాపయ్య ఉత్తరంలో పెట్టి పెళ్లానికి పంపాడు.

మాస్టారు తెల్లటి చేతి తొడుగులు వేసుకుని మరీ అందుకున్నారు. సంతకం చెక్కుచెదరలేదు. కానీ నాలుగు మూలలా పసుపు! ఆయన ప్రాణం ఉసూరుమంది. మందు పెట్టి తుడిస్తే పోతుందిలెమ్మన్నారు.

గురవమ్మ కాగితం వెనక్కి తీసుకుంది.

“శుభలేఖకి పసుపు తుడుస్తారా పంతులుగారూ? ఇదొచ్చాకే మా ఆయన బతికున్నాడని తెలిసింది. అవతల కూడా ముప్ఫైరెండు కొంపలు నిలబడ్డాయి. ఉగాది ఉగాదికీ నేనే పెడుతున్నా.”

లొంగుబాటంటే ఒకడు గెలవడం, ఒకడు తలదించుకోవడం అని ముప్ఫైఏళ్లు పాఠం చెప్పిన మనిషి ఆ పసుపు మూలల్ని మళ్లీ చూశారు. ఎవరికీ చెప్పనిది ఆవిడకి చెప్పుకొచ్చారు. ఆయన అన్నయ్య అదే యుద్ధంలో, ఆఖరి రోజుకు ముందురోజు పోయాడు. చావు కబురు ఇంట్లో ఉంచకూడదని, వచ్చిన టెలిగ్రాంను నాన్న వీధిలోనే చించేశారు. పన్నెండేళ్ల జానకిరామయ్య ముక్కలు ఏరబోతే రెక్క పట్టుకుని లాగేశారు. తాను బీరువాలు నింపుతున్నది ఆ ఒక్క కాగితం లోటుకేనని చెబుతుంటేనే ఆయనకు తెలిసింది. దుఃఖం ఆగలేదు.

“మా అన్నయ్య ఉన్నచోట కూడా ఎవరో ఒకరు ఒక్కరోజు ముందు సంతకం పెట్టుంటే బాగుండేదమ్మా,” అన్నారు.

గురవమ్మ లోపలికెళ్లి పసుపు తడిపి తెచ్చింది. కాగితం ఆయన ముందు పెట్టింది.

“తీసుకెళ్లండి. నా తర్వాత దీన్ని పట్టించుకునేవాళ్లు లేరు. ఎల్లుండే ఉగాది, ఈ ఏడు మీరు పెట్టండి.”

మాస్టారు తొడుగులు తీసేశారు. వేలితో ఒక్కో మూలా పెట్టుకుంటూ వచ్చారు. మూడోదయ్యేసరికి కళ్లు కనిపించలేదు. నాలుగో మూల గురవమ్మే పెట్టింది.