మొదటి యజమాని మరక

డోలోరెస్ తడిగుడ్డతో కారు ముందు భాగాన్ని జానెడు మేర తుడిచిందో లేదో, దాన్ని కొనడానికొచ్చిన పళ్ళ డాక్టరు క్లైడ్ హాస్కిన్స్ గావుకేక పెట్టాడు.

“ఆపండమ్మా! అది దుమ్ము కాదు, చరిత్ర!”

“చరిత్రేమిటయ్యా నీ మొహం! మొన్న బుధవారం పక్కింటివాళ్ళు కంకర పోయించుకుంటే ఎగిరొచ్చి పడింది.”

అయినా క్లైడ్ గుండె కుదుటపడలేదు. వెంట తెచ్చుకున్న మదింపుదారు వెండెల్ మోకాళ్ళ మీద కూర్చుని, తుడిచినంత మేరా కొలిచి కాగితం మీద రాసుకున్నాడు. పాత కార్ల పిచ్చివాళ్ళలో వెండెల్ మాట వేదవాక్కు. అతను తల ఊపితే రేటు పెరుగుతుంది, తల గోక్కుంటే పడిపోతుంది.

ఆ షెవెల్ కారును డోలోరెస్ మొగుడు ల్యూథర్ 1970లో పక్క ఊళ్ళో కొన్నాడు. పంతొమ్మిది మైళ్ళు తోలుకుంటూ ఇంటికొచ్చాడు. సీటు నలుగుతుందని తలగడ గలీబు పరచుకుని దాని మీద కూర్చున్నాడు. కొత్త పెళ్ళికూతురు డోలోరెస్ వెనక పాత ట్రక్కులో, ఆ కారు ఎర్రదీపాలు చూసుకుంటూ వచ్చింది. షెడ్డులో పెట్టి తాళం వేస్తూ, “వచ్చే ఆదివారం నిన్ను ఇందులో చెరువు దగ్గర ఐస్‌క్రీమ్ కొట్టుకి తీసుకెళ్తానే,” అన్నాడు ల్యూథర్.

ఆ ఆదివారం వాన పడింది. తరవాతి ఆదివారం ఎండ మరీ ఎక్కువైంది, రంగు వెలిసిపోతుందన్నాడు. తరవాత రోడ్డు బాగాలేదు. ఆ పైన ఒక్కొక్క మైలుకీ కారు విలువ ఎంత తగ్గుతుందో ఎవడో పుణ్యాత్ముడు అతనికి చెప్పాడు. ఇక అంతే సంగతులు. ఆదివారం ఆదివారం కిటికీలోంచి చెయ్యి పెట్టి ఇంజిను తిప్పి, పది నిమిషాలు చెవులారా విని ఆపేసేవాడు. అరచేతిలో వైకుంఠం చూపించడమంటే అదే. మనిషి మాత్రం చెడ్డవాడు కాదు. నిరుడు చలికాలంలో, తన మానాన తను నిద్రలోనే పోయాడు. మీటరు మీద పంతొమ్మిది అలాగే ఉండిపోయింది.

“బేరం ఖాయమే. ఒక్కటే షరతు,” అంది డోలోరెస్. “నన్ను ఇందులో చెరువు దాకా తీసుకెళ్ళి ఓ ఐస్‌క్రీమ్ తినిపించాలి. ఎంతోలేదు, మైలున్నర.”

క్లైడ్ మొహం కత్తి వాటుకి నెత్తుటి చుక్క లేనట్టు అయిపోయింది. “పోనీ హెలికాప్టర్ మాట్లాడతానమ్మా?”

“నేనేమన్నా తప్పిపోయిన పర్వతారోహకురాలినా?”

“అయితే కారుని ట్రెయిలర్ ఎక్కించి, మిమ్మల్ని కార్లో కూర్చోబెట్టి, ట్రెయిలర్‌ని లాక్కెళ్దాం. చక్రం తిరగదు, మీటరు కదలదు. మీరు మాత్రం సీటుకి ఆనకుండా కాస్త గాల్లో కూర్చోవాలి.”

“గాల్లో ఎలా కూర్చుంటారో నువ్వు చూపించు, నేను నేర్చుకుంటా.”

క్లైడ్ పాపం నిజంగానే మోకాళ్ళు వంచి చూపించబోయి, పచ్చిక మీద చతికిలబడ్డాడు. డోలోరెస్‌కి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. డెబ్బయ్యేడేళ్ళొచ్చాయి, ఇంకా ఎవరి అనుమతి కోసం ఈ కాచుక్కూర్చోవడం? క్లైడ్‌కి ఇంజిను చప్పుడు వినిపించడానికి వెండెల్ పొద్దున్నే కొత్త బ్యాటరీ బిగించి, పెట్రోలు పోసి ఉంచాడు. తాళం చెవి దానికే వేలాడుతోంది. ముప్పయ్యేళ్ళు బడి బస్సు తోలిన చెయ్యి ఆమెది. తలుపు తీసి, సీటు మీది ప్లాస్టిక్ తొడుగు పర్రున చింపి కూర్చుంది.

“మైలుకి వెయ్యి డాలర్లు తగ్గిస్తానమ్మా!” అరిచాడు క్లైడ్.

“తగ్గించుకో నాయనా!”

యాభై అయిదేళ్ళ టైర్లు కావడంతో నడక వేగం దాటలేదు. ముందు క్లైడ్ చీపురుతో రోడ్డు మీద గులకరాళ్ళు ఊడ్చుకుంటూ, పక్కన వెండెల్ మీటరు చూసి రాసుకుంటూ నడిచారు. చర్చి నుంచి వస్తున్నవాళ్ళు అంత్యక్రియల ఊరేగింపు అనుకుని టోపీలు తీశారు.

కొట్టు దగ్గర డోలోరెస్ అలవాటు కొద్దీ రెండు ఐస్‌క్రీమ్‌లు తీసుకుంది, తనకొకటి, ల్యూథర్‌కొకటి. సీట్లో కూర్చుని మొదటిది రెండుసార్లు నాకిందో లేదో, ఇంత ముద్ద జారి తెల్లటి సీటు మీద పడింది. చెర్రీ ఐస్‌క్రీమ్. క్లైడ్ చీపురు పట్టుకుని భోరుమన్నాడు.

వెండెల్ మాత్రం భూతద్దంతో మరకను చూసి, తల ఊపాడు. “రేటు పెరిగింది.”

“ఏంటీ?” అన్నారిద్దరూ.

“కారు కొన్న కాగితంలో ల్యూథర్, డోలోరెస్ అని ఇద్దరి పేర్లూ ఉన్నాయి. మొదటి యజమాని చేసినదేదైనా చరిత్ర కిందే లెక్క. మరకైనా, మైలైనా. కొన్నవాడు చేస్తేనే అది నష్టం. మా పద్ధతి అంతేనమ్మా.”

డోలోరెస్ చేతిలో ఐస్‌క్రీమ్ కరిగి ముంజేతికి కారుతోంది. తుడుచుకోలేదు.

“అంటే... ల్యూథర్ నన్ను ఎక్కించుకుని తిప్పినా ఏం అయ్యేది కాదా?”

“ఇలా పద్ధతిగా తిప్పితే ఏమీ అయ్యేది కాదమ్మా. ఇంకా మంచిదే.”

ఆమెకి ఏడుపొచ్చింది. పోయినవాడి మీద అంత కోపం పోయిన రోజు కూడా రాలేదు. వెర్రి మనిషి! తను తినలేదు, పెళ్ళాన్ని తిననివ్వలేదు. రెండో ఐస్‌క్రీమ్‌ని పక్క సీటు మీద బోర్లించింది.

“రాసుకోండి. ఇది ల్యూథర్‌ది.”

వెండెల్ శ్రద్ధగా రాసుకున్నాడు. క్లైడ్ కళ్ళు తుడుచుకుని, కలమూ కాగితమూ కిటికీలోంచి లోపలికి చాచాడు. “ఇక్కడ ఓ సంతకం పెట్టేస్తే అయిపోతుందమ్మా.”

సంతకం పెడితే కారు క్లైడ్‌దైపోతుంది, ఆ క్షణం నుంచీ ప్రతి మైలూ మళ్ళీ నష్టమే. డోలోరెస్ ఇంజిను తిప్పింది.

“వచ్చే ఆదివారం చూద్దాంలే,” అని, చెరువు చుట్టూ ఉన్న పెద్ద రోడ్డెక్కింది.