ఖాళీ అని రాసిన పొలం

చొక్కాలు నాలుగు, లుంగీలు రెండు, బీపీ మాత్రలు పది రోజులకి. సంచీ సర్దుతూ ఆమె మరోసారి చూసుకుంది. ఎవరు ప్రయాణమైనా ఆమె గుండె పీచుపీచుమంటుంది. గుమ్మం దాటిన మనిషిని మళ్ళీ చూస్తానో లేదోనని బెంగ. ముప్ఫై ఏళ్ళ కాపురంలో భర్త ఊరెళ్ళిన ప్రతిసారీ ఇదే వరస.

ఆయన అద్దం ముందు మీసం సరిచేసుకుంటున్నాడు. "పట్టుమని పది రోజులు. అన్నయ్య ఇంట్లో దిగి, బిల్డరుతో మాట ఖాయం చేసుకుని వచ్చేస్తా. ఈలోగా సర్వేయరు వస్తాడు. పొలం ఖాళీగా ఉందని చెప్పు. అంతకు మించి నోరు మెదపకు."

"అలాగే" అంది. అలవాటు కొద్దీ అంది.

పొలమంటే మడుగు ఒడ్డున ఎకరం నేల. మడుగులో కొంగలూ బాతులూ దిగుతాయని, చుట్టూ ఉన్న సాగు నేలలో ఇళ్ళు కట్టకూడదని ప్రభుత్వం వారు హద్దు గీశారు. మూడేళ్ళుగా ఎవరూ దున్నని నేలయితే మాత్రం ఆ హద్దులోంచి తీసేసి ఇళ్ళ స్థలాలు చేసుకోవచ్చట. అందుకే ఆయన అర్జీలో ఖాళీ అని రాసిచ్చాడు. పాపం, అబద్ధమని తెలిసి రాయలేదు. తారురోడ్డు దిగి పొలంలో కాలుపెట్టి ఆయనకి తొమ్మిదేళ్ళు దాటింది. కంచంలో పడే బెండకాయలూ చిక్కుడుకాయలూ ఎక్కడివని ఒక్కనాడూ అడగలేదు. అడగనివాడికి పనిగట్టుకుని చెప్పడమెందుకని ఆమె కూడా ఊరుకుంది. ఆమె పొలం వెళ్ళడాన్ని ఆ ఇంట్లో పని అనరు. "అలా గట్టుదాకా వెళ్ళొచ్చింది" అంటారు. వచ్చిన స్నేహితులకి ఆమె టీ కప్పులు అందిస్తుంటే, "మా ఆవిడకేంరా, రోజంతా ఖాళీయే" అని ఆయన నవ్వేవాడు. వాళ్ళూ నవ్వేవాళ్ళు. ఖాళీ కప్పులు తీసుకెళ్ళి కడుగుతూ, నిజమే కాబోలు, నేను చేసేదేముంది అనుకునేది. కానీ పొలంలో అడుగుపెట్టగానే ఆ మాట ఎటుపోయేదో! పార వేసినచోటల్లా పురుగుల కోసం ఓ తెల్లకొంగ వెనకాలే నడిచేది. అక్కడ ఎవరూ ఏమేవ్ అని పిలవరు. చేసిన పని మొలకెత్తి కనిపిస్తుంది. ఇంట్లో ఏ పనికీ ఆ భాగ్యం లేదు.

ఆయన వెళ్ళిన నాలుగోనాటి పొద్దున్నే సర్వేయరు వచ్చాడు. అత్తగారు గట్టుమీద చిన్నపీట వేసుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. కోడలు నడుం వంచి కలుపు పీకుతోంది.

"ఈ పొలం తాలూకు మీరేనా అమ్మా?"

"అవునండీ."

"ఏం చేస్తుంటారు?"

తలెత్తకుండానే, "ఏం లేదండీ. ఖాళీయే" అంది.

అతను పెన్ను తీసి కాగితం మీద ఖాళీ అని రాసేసుకున్నాడు.

"ఏమయ్యా, నీ కళ్ళజోడు చూడ్డానికా, సోకుకా?" అంది అత్తగారు. "నువ్వు తొక్కుతున్నదేంటో కాస్త కిందికి చూడు!"

చూశాడు. పాలకూర మడిలో ఉన్నాయి బూట్లు. గబుక్కున పక్కకి గెంతి వంకాయ మొక్క విరిచాడు.

"ఆవిడే కదండీ ఖాళీ అన్నారు!"

"అది తన సంగతి చెప్పింది, నేల సంగతి కాదు. మావాడు నేర్పిన మాట, చిలకలా అప్పజెప్పింది."

ఆమె నడుం నిటారుగా ఎత్తి నిలబడింది. ఆ మాట అలాగే ఉంచితే వచ్చే ఏటికి ఇక్కడ సిమెంటు రోడ్డు పడుతుంది. కొట్టేయిస్తే ఆయన ఊరుకోడు. బిల్డరుకి ఈపాటికే మాటిచ్చి ఉంటాడు. చేతిలో కలుపు గట్టుమీద పడేసింది.

"ఆ మాట కొట్టేయండి" అంది.

"కొట్టేస్తే పక్కన సంతకం పెట్టాలమ్మా. సాగు చేసేది ఎవరని రాయను?"

అత్తగారు ఏదో అనబోయి, చిక్కుడుకాయల్లో తల దూర్చేసింది.

"నేను."

"అంటే, మీవారి తరపున..."

"ఎవరి తరపునా కాదండీ. తొమ్మిదేళ్ళుగా నేనే."

చెయ్యి చీరకి తుడుచుకుని సంతకం పెట్టింది. పేరు చివర బురద వేలిముద్ర పడింది. "ఈ వేలిముద్రా మీ ఖాతాలోదే" అని నవ్వాడతను.

వారం తిరక్కుండా ఆ సంగతి ఆయన చెవిన పడి ఫోను మోగింది. "నీకేం పోయేకాలం వచ్చిందే? ఇంట్లో ఖాళీగా కూర్చునేదానివి, ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"ఖాళీగా లేనండీ. మళ్ళకి నీళ్ళు పెడుతున్నాను. తర్వాత చేయండి" అంది. ఆ మాట తనదేనా అని ఓ క్షణం ఆశ్చర్యపోయింది. పక్కమడికి నీళ్ళు మళ్ళించింది.

"ఏమంటాడు?" అంది అత్తగారు.

"కోపంగా ఉన్నారు."

"ఉండనీ. అన్నం వేళకి అదే చల్లారుతుంది. అక్కడ వడ్డించడానికి వదిన ఉందిగా" అని కిసుక్కున నవ్విందావిడ. ఆమెకీ నవ్వొచ్చింది.

అర్జీ తోసిపుచ్చినట్టు కాగితం వచ్చింది. హద్దు ఉన్నచోటే ఉంది. బెంగతో గుమ్మంకేసి చూడ్డం ఏ రోజున మానేసిందో ఆమెకే తెలియదు.

పది రోజులని పోయిన ఏడాది జూన్ పధ్నాలుగున, పొద్దుటి బస్సుకి వెళ్ళిన భర్త, అలిగి అన్నయ్య ఇంట్లోనే ఉండిపోయి ఇప్పటిదాకా తిరిగి రాలేదు.