కాకుల్ని తరిమిన నివాళి

మా కూర్మయ్య పోయిన పదోరోజున నాగావళి ఇసుకలోకి ఓ ఇరవై బుల్లెట్ బళ్లు దిగాయి. ఎవరూ పిలవలేదు. గర్జన రైడర్స్ అని మోటారుసైకిళ్ల క్లబ్బువాళ్లు. అధ్యక్షుడు ధనరాజు, విజయనగరంలో టైల్స్ వ్యాపారి. అందరివీ ఒకే రకం నల్ల టీషర్టులు, వాటి మీద నల్ల కళ్లజోడుతో కూర్మయ్య బొమ్మ. బతికినన్నాళ్లూ ఎండకు కళ్లు చిట్లించుకోవడమే తప్ప ఆ సోకు ఎరగనివాడికి పోయాక కళ్లజోడు అమిరింది.

కూర్మయ్యకి మోటారంటే పిచ్చి. పెళ్లి పంక్తిలో కూర్చుని, రోడ్డు మీద పలాస బస్సు గేరు మార్చిన చప్పుడు విని, "క్లచ్చి అరిగిపోనాది, ఆడికి సెప్పాల" అని ఎంగిలి చేత్తోనే పరిగెత్తిన మనిషి. ఈ క్లబ్బువాళ్ల బళ్లన్నీ ఊరికే బాగుచేసిపెట్టేవాడు. ఎక్కువ చప్పుడు రావాలని వాళ్లు సైలెన్సర్లు మార్పించుకొస్తే మాత్రం, "ఇంజనుకేటి నొప్పిరా, అలా అరిపిస్తన్నారు?" అని తిట్టేవాడు. ఆ తిట్లు వాళ్లకి ముద్దుగా వినిపించేవేమో, ఒక్కరూ మార్చుకోలేదు.

కొడుకు గోవింద్ పిండాలు పెట్టాడు. పక్కన అరిటాకులో తండ్రికిష్టమైన గారెలు, నెత్తళ్ల చేపల వేపుడు, ఒక చుట్ట. మేమంతా దూరం జరిగాం. గట్టుమీది తుమ్మచెట్టు నిండా కాకులే. కూర్మయ్య తల్లి లక్ష్మణమ్మకి ఎనభై దాటాయి. కాకి ముట్టేదాకా మంచినీళ్లు కూడా ముట్టనని పొద్దుటి నుంచీ ఇసుకలో కూర్చునుంది.

ఒక కాకి కిందికి దిగబోయింది. సరిగ్గా అప్పుడే ధనరాజు చెయ్యెత్తాడు. ఇరవై ఇంజన్లు ఒక్కసారిగా గర్జించాయి. నివాళి అట. చెట్టు ఖాళీ అయిపోయింది. కాకులన్నీ ఏటికి అవతల, ఆమదాలవలస దిక్కుకి పోయాయి.

"ఆడికేటో తీరలేదర్రా," అంది ముసలమ్మ. "మాటియ్యండి."

కాకి రాకపోతే, పోయినవాడి బెంగ కనిపెట్టి, అది తీరుస్తామని పైకి చెప్పడం మా వైపు మామూలే. గోవింద్ చేతులు జోడించాడు. "నాన్నా, మామ్మని నాను సూసుకుంతాను. బెంగెట్టుకోకు."

ఆ మాటకి రెండు కాకులు వెనక్కొచ్చాయి. ధనరాజు ఊరుకుంటాడా! ఫోనులో వీడియో తీస్తున్నవాడి వైపు తిరిగి, "కూర్మయ్యన్నా! నీ బండిని మా షోరూములో అద్దాల పెట్టెలో పెడతాం!" అన్నాడు. మళ్లీ గర్జన. కాకులు పరార్. "నీ పేరున ర్యాలీ చేస్తాం!" గర్జన. "నీ విగ్రహం పెడతాం!" గర్జన. చచ్చినవాడి కోరికలు తీర్చాలంటారు గానీ, ఆ ఒడ్డున వినిపించినవన్నీ బతికున్నవాళ్లవే.

ఎండ ముదిరింది. పిండాలు ఏట్లో కలిపేద్దామన్నాడు బ్రహ్మగారు.

"మా గుంటడు తినకుండా నాను తింతానా?" అంది లక్ష్మణమ్మ. పెదాలు ఎండిపోయాయి. కూర్చున్నచోటే కాస్త పక్కకి ఒరిగింది. గోవింద్ పట్టుకున్నాడు.

ఇక లాభం లేదని ధనరాజు దగ్గరికి వెళ్లాను. "ఆ బళ్లు ఆపించండి. ఆవిడ పడిపోయేలా ఉంది."

"ఇది రైడర్‌కిచ్చే గౌరవం సార్. లెక్చరర్లు, మీకు తెలీదు."

"మా వీధివాడే కూర్మయ్య," అన్నాను. "మా ఆవిడ జబ్బుపడ్డప్పుడు తెల్లవారుజామున గాని ఆమెకి కన్ను మూతపడేది కాదు. అది తెలిసి, ఆమె పోయేదాకా రోజూ పొద్దున్నే బండిని వీధి చివరికి తోసుకుపోయి, అక్కడ స్టార్టు చేసేవాడు. నేనడగలేదు. నాకు తెలిసిన గౌరవం అదీ."

ధనరాజు ముఖం వెలిగింది. సిగ్గుతో కాదు. "సూపర్ సార్! సైలెంట్ సెల్యూట్! ఒరే, ఇంజన్లు ఆపండ్రా, అందరూ రోడ్డుదాకా తొయ్యండి! తోస్తుంటే వీడియో తియ్యరా!"

తోశారు. ఇసుకలో బుల్లెట్ తోయడమంటే ఏమిటో తోసినవాడికే తెలియాలి. చక్రాలు దిగబడ్డాయి, నల్ల టీషర్టులు చెమటకి వంటికి అతుక్కున్నాయి, టైల్స్ వ్యాపారి దేవుళ్లందర్నీ తలుచుకున్నాడు. ఫోను వాళ్ల వెంటే పోయింది.

ఒడ్డు సద్దుమణిగింది. ఒక బూడిదరంగు మెడ కాకి వాలి, అటూ ఇటూ చూసి, ముందు నెత్తళ్లు రుచి చూసి, తర్వాత పిండం ముట్టింది.

"వొచ్చినాడు," అంది లక్ష్మణమ్మ, రెండు చేతులూ జోడించి. గోవింద్ తలగుడ్డతో కళ్లొత్తుకున్నాడు.

అంతలో రొప్పుకుంటూ ధనరాజు వచ్చాడు. "కాకొచ్చేసిందా? అయ్యో, మా వీడియోలో పడలేదే! ఇంకోసారి రప్పించలేమా మామ్మా?"

ముసలమ్మ అతన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"ఆ పిండం నీ నెత్తిమీదెట్టుకుని నిలబడు నాయనా. ఎందుకు రాదు? తప్పకుండా వస్తాది."

మనవడి చేతిలోంచి చోడంబలి గ్లాసు అందుకుని గుక్క తిప్పుకోకుండా తాగింది. మూతి తుడుచుకుని రోడ్డు వైపు చూసింది. బళ్లకి జారబడి వాళ్లంతా ఆయాసపడుతున్నారు.

"ఆ ఎర్రిబాగులోలకీ తలో గలాసు పొయ్యిరా," అంది.