పొయ్యి మీది ఎర్ర కారు

దమయంతి ఆఫీసుకి వచ్చేసరికి కుక్కర్లు పరీక్ష చేసే గదిలో, పెద్ద పొయ్యి మీద ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు ఎక్కించి ఉంది. కింద మంట సన్నగా వెలుగుతోంది. చక్రాలు నాలుగూ పొయ్యి అంచులకి చక్కగా ఆనాయి, ఎటూ ఒరగలేదు. దమయంతి ముందు మంట సరిచేస్తుంది, తర్వాత చెప్పులు విప్పి మూలన పెడుతుంది. మంట సంగతి చూశాకే మనిషి సంగతి. ఆ గదిలో పద్ధతి అది.

ఆ ఆఫీసు బెజవాడ గవర్నరుపేటలో, ఒక మందుల కొట్టు పైన ఉంది. పత్రిక పేరు 'వాడకం'. ఇంట్లోకి ఏం కొనాలన్నా మన వైపు ఆడవాళ్ళు ముందు ఆ పత్రిక తిరగేస్తారు, మిక్సీ కానీ, ఫ్యాను కానీ, దోసెల పెనం కానీ. కంపెనీవాళ్ళు పంపింది అక్కడ ఎవరూ ముట్టుకోరు. అందరిలాగే బజారుకి వెళ్ళి, బేరమాడి, కొనుక్కొచ్చి, పప్పు ఉడికించి, కావాలని మాడబెట్టి, చింతపండు వేసి తోమి, అప్పుడు చెప్తారు. చెప్పేది కూడా రెండే మాటలు. 'కొనండి' అనడం, లేకపోతే 'వద్దు' అనడం. ఆ రెంటికీ మధ్య మాట ఆ పత్రికలో ఏనాడూ అచ్చు కాలేదు.

పరీక్ష గదికి గడియ బయట ఉంటుంది. లోపలివాళ్ళు ఆ రెంట్లో ఒక మాట అన్నాకే తీస్తారు. అబద్ధమాడేవాళ్ళకి ఇంటికెళ్ళే తొందర ఎక్కువని, అందుకు పెట్టారు ఆ గడియ.

"ఇదేమిటండీ?" అంటుంది దమయంతి.

ఎడిటరు పరబ్రహ్మం గారు గుమ్మంలో నిలబడి గడియకి కొబ్బరినూనె రాస్తున్నారు. "పాఠకులు అడిగారు దమయంతమ్మా. కుక్కరు సంగతి చెప్పినవాళ్ళు కారు సంగతి చెప్పలేరా అన్నారు. నిజమే కదా?"

"కారుకి విజిలు రాదు గదండీ."

"రాదో, ఎవరూ రానివ్వలేదో, చూసి చెప్పు," అని ఆయన బయటికి వెళ్ళి గడియ వేస్తారు. నూనె పట్టిన గడియ చప్పుడు లేకుండా పడుతుంది.

కిటికీ ఊచల అవతల ఒక పెద్దావిడ నిలబడి ఉంది. పేరు హైమవతి. ఆర్టీసీలో కండక్టరుగా చేసి దిగిపోయింది. బందరు బస్సులో జన్మంతా నిలబడే ప్రయాణం చేసిన మనిషి, పాదాలు రెండూ ఇప్పటికీ బస్సు కుదుపుకి ఎడం ఎడంగానే ఉంటాయి. ఆమె వెనకాల ఇంకా చాలామంది పాఠకులున్నారు, ఎవరి కుక్కరు వాళ్ళు చంకన పెట్టుకుని. ఎవరూ తోసుకోవడం లేదు.

"అమ్మాయ్, నువ్వేనా కుక్కర్లు చెప్పేది?" అంటుంది హైమవతి. "నువ్వు కొనమన్న కుక్కరు నా ఇంట్లో ఒక్కనాడు పేలలేదు. ఫ్యాను ఊడిపడలేదు. ఇప్పుడు నాకీ ఎర్ర కారు కావాలి. కూర్చుని, నా చేత్తో, గట్టిగా ఒక్కసారి తోలాలని ఉంది. నువ్వు కొనమంటే కొంటాను, వద్దంటే ఇంటికి పోయి ఉప్మా చేసుకుంటాను."

"పిన్నిగారూ, కుక్కరు వేరు, కారు వేరు."

"నోరు ఒక్కటేగా," అంటుంది హైమవతి.

దమయంతి తన చిన్న తూకం చంకన పెట్టుకుంటుంది. స్టూలు వేసుకుని పొయ్యి గట్టు ఎక్కి కారు తలుపు పట్టుకుంటుంది. తలుపు పక్కకి రాదు, మూతలాగా పైకి లేస్తుంది. చీర కుచ్చిళ్ళు పోగుచేసుకుని ఆమె లోపల దిగబడుతుంది. సీటు పీటంత ఎత్తులో ఉంది. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. తలుపు తనంతట తనే దిగి, కుక్కరు మూత రబ్బరులోకి పట్టినట్టు మెత్తగా పట్టేస్తుంది. బెల్టు వచ్చి నడుం చుట్టూ కూర్చుంటుంది. అది పట్టుకునే తీరు చూస్తే ఇప్పట్లో లేచేలా లేదు.

పక్క సీట్లో ఒక కుర్రవాడు ఉన్నాడు. నల్ల కళ్ళజోడు, బుగ్గలు రెండూ ఉబ్బి ఉన్నాయి. అతని పేరు శేషుబాబు, కార్ల గురించి మాత్రమే రాసే 'వేగతరంగం' పత్రిక మనిషి.

"ఎప్పుడొచ్చావు నాయనా?"

"పాత మోడల్ అప్పుడు ఎక్కాను అక్కయ్యా. దిగడం కుదర్లేదు."

అతని ఎదురుగా ఉన్న సొరుగు తెరుచుకుంటుంది. అందులోంచి ఉంగరాల చెయ్యి ఒకటి వస్తుంది, చొక్కా మణికట్టు దగ్గర గంజిపెట్టి ఇస్త్రీ చేసి ఉంది. ఆ చెయ్యి నెయ్యి కారుతున్న బొబ్బట్టు ఒకటి మడిచి శేషుబాబు నోట్లో పెట్టి, వేళ్ళు తుడుచుకుని, సొరుగులోకి వెళ్ళిపోతుంది.

"అదెవరు?"

"కంపెనీవాళ్ళు," అంటాడు శేషుబాబు నములుతూ. "మర్యాద తెలిసినవాళ్ళు. నేను ఈ బండి గురించి చెప్దామని నోరు తెరిచినప్పుడల్లా పెడతారు."

"మరి ఏం చెప్పావు?"

"గర్జిస్తుంది అని చెప్పాను."

"ఇంకా?"

అతను ఇంకా చెప్పడానికి నోరు తెరుస్తాడు. చెయ్యి వస్తుంది.

దమయంతి తన పని తను మొదలుపెడుతుంది. బియ్యం బస్తా ఎక్కడ పడుతుందో చూస్తుంది. బస్తా సంగతి అటుంచి, శేరు సంచి పట్టే చోటు కూడా లేదు. వెనక సీటు కోసం చెయ్యి చాపితే అక్కడ సీటు లేదు, వెచ్చటి గోడ ఉంది. గ్యాసు బండ పట్టదు. బాలింతని ఆసుపత్రికి తీసుకెళ్ళాలంటే బిడ్డని ఒళ్ళో, బాలింతని ఇంటి దగ్గర ఉంచాలి. పెద్దవాళ్ళని ఎక్కించొచ్చు కానీ దించడానికి నలుగురు కావాలి.

"తొక్కి చూశావా అక్కయ్యా?" అంటాడు శేషుబాబు. "మీ పత్రికవాళ్ళకి అదే తెలియదు. తొక్కకుండా తోమి చూస్తారు."

ఆ మాట ఆమె పౌరుషానికి తగులుతుంది. దమయంతి తొక్కుతుంది.

కారు పొయ్యి మీంచి కదలదు. గదే సాగుతుంది. ఎదురుగోడ వెనక్కి వెనక్కి పరిగెడుతుంది. రెండు పక్కలా అలమార్లు రోడ్డు పక్క చెట్లలాగా వెళ్ళిపోతున్నాయి, మిక్సీలు, ఇస్త్రీ పెట్టెలు, చొట్టపడ్డ ఒక పాత అల్యూమినియం కుక్కరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో దమయంతి మొట్టమొదట 'వద్దు' అన్నది ఆ కుక్కర్నే. రబ్బరు వదులని వద్దంది. అప్పట్నుంచి అది మేకులు, బల్బులు దాచుకోవడానికి పనికొస్తోంది. గది చివర పిండి రుబ్బే గ్రైండరు ఆవగింజంత కనిపిస్తోంది. కిటికీ మాత్రం కారుతోపాటే వస్తోంది, ఊచలు పట్టుకుని హైమవతీ వస్తోంది, ఆయాసం లేకుండా.

అప్పుడు దమయంతి కడుపులో ఏదో తేలుతుంది. అట్లతద్ది నాటి ఉయ్యాల అది. దొడ్డమ్మ వెనకనుంచి ఒక్క తోపు తోస్తే, పాదాలు వేపకొమ్మకి తగిలి, కిందికి రాబోయే ముందు ఒక్క రెప్పపాటు తను ఎవరి పిల్లా కాకుండా పోతుందే, ఆ రెప్పపాటు. చీర కట్టడం మొదలెట్టాక మళ్ళీ అది ఆమెకి తగల్లేదు.

ఆమె దాన్ని కడుపులోంచి జాగ్రత్తగా తీసి, ఎప్పుడూ వెంట ఉంచుకునే తూకం మీద పెడుతుంది. ముల్లు కదలదు. తూకానికి రానిది పరీక్షకి రాదని కొత్తగా చేరినవాళ్ళకి చెప్పేది తనే. అందుకని దాన్ని తీసి పైట చెంగున ముడేసుకుంటుంది.

"వద్దండీ," అని గట్టిగా అంటుంది, గడియ అవతలికి వినపడేలా.

ఆమె పక్కనున్న తలుపు మాయమవుతుంది. అక్కడ ఎర్రటి రేకు మిగులుతుంది, అతుకు కూడా కనపడకుండా.

"నాకూ అలాగే పోయింది," అంటాడు శేషుబాబు తన వైపు రేకు చూపించి. "నిజం కాని మాట ఒక్కటంటే ఒక తలుపు పోతుంది."

"నేను అబద్ధమాడలేదే. మోకాళ్ళు పట్టుకుపోతున్నాయి."

కిటికీలోంచి హైమవతి వంగి చూస్తుంది. "మోకాళ్ళు నావి అమ్మాయ్. బస్సులో నిలబడి నిలబడి అవి ఎప్పుడో పోయాయి. నేనడిగింది మోకాళ్ళ సంగతి కాదు. కడుపులో ఎట్లా ఉందో చెప్పు."

చెంగున ముడి కదులుతోంది. దమయంతి హైమవతి మొహం చూస్తుంది. పండగనాడు కొత్తబట్టల పొట్లం విప్పి చూపిస్తారని ఎదురుచూసే పిల్ల మొహంలా ఉంది అది. కాదనబుద్ధి కాదు.

"అయితే కొనండి పిన్నిగారూ."

కిటికీ వైపు అద్దం ముడుచుకుపోయి చొక్కా బొత్తాం కన్నమంత అవుతుంది. పైకప్పు దిగి ఆమె జుట్టుముడి మీద ఆగుతుంది. సీటు ముందుకీ, స్టీరింగు వెనక్కీ జరుగుతాయి. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అట్లా ఉంది దమయంతి. వేడి కూడా కొంచెం ఎక్కింది.

బొత్తాం కన్నంలోంచి హైమవతి గొంతు వస్తుంది. "నా మొహం చూసి అన్నావు. కుక్కరప్పుడు నా మొహం నువ్వు చూడలేదు, అందుకే అది పేలలేదు."

దమయంతి సిగ్గుపడుతుంది. ఉన్న రెండు మాటలూ అయిపోయాయి. గడియ తీసిన చప్పుడు లేదు. నూనె రాశారు కాబట్టి తీసినా వినపడదేమో అని కాసేపు ఆశపడుతుంది, కానీ ఎవరూ తీయలేదు.

"నాయనా," అంటుంది శేషుబాబుతో, "నాకు తూకం తెలుసు, రుచి తెలియదు. నీకు రుచి తెలుసు. కంపెనీది నేను ఒక్క ముద్ద తినలేదు, కానీ నువ్వు చెప్పిందే నా నోటితో చెప్తాను. ఒక్కసారి మింగేసి నిజం చెప్పు."

అతను తల ఊపి మింగుతాడు. సొరుగు తెరుచుకుంటుంది. దమయంతి ఆ చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుంటుంది, వేడి గిన్నె పట్టుకునే పట్టుతో. చెయ్యి గింజుకుంటుంది. బొబ్బట్టు స్టీరింగు మీద పడి అక్కడే అంటుకుంటుంది. శేషుబాబు నోరు ఖాళీగా తెరుచుకుని ఉంది. అతను నాలుకతో పళ్ళ సందులన్నీ వెతుక్కుంటాడు.

"మొదటిసారి ఎక్కినప్పుడు ఏదో చెప్దామనుకున్నాను అక్కయ్యా," అంటాడు చివరికి. "గొప్ప సంగతే. ఇప్పుడు నెయ్యి వాసన తప్ప ఏమీ గుర్తురావడం లేదు."

దమయంతి చెయ్యి వదిలేస్తుంది. ఆ చెయ్యి అతని నోరు తుడిచి, ఇంకో బొబ్బట్టు పెట్టి, సొరుగు మూసుకుంటుంది. శేషుబాబు కళ్ళజోడు కింద బుగ్గ తడుస్తోంది. దమయంతి చెంగుతో తుడుద్దామనుకుంటుంది కానీ చెంగున ముడి ఉంది.

ఆమె బొత్తాం కన్నానికి నోరు ఆనించి, ఆ పత్రికలో ఏనాడూ అచ్చు కాని మాట అంటుంది.

"నాకు తెలియదు పిన్నిగారూ."

మూత లేస్తుంది. కారు పైకప్పంతా ఒక్కసారిగా లేచి, చల్లగాలి లోపలికి వస్తుంది. దమయంతి బెల్టు విప్పుకోబోతుంది. ఈలోపల హైమవతి కిటికీ ఊచల సందులోంచి నేరుగా కారులోకి దిగుతుంది. సీటు అడగదు. ఇద్దరి మధ్యా కాళ్ళు ఎడంగా పెట్టి, పైన కడ్డీ పట్టుకుని నిలబడుతుంది. అక్కడ కడ్డీ లేదు, ఆమె పట్టుకున్నాక వచ్చింది.

"ఇప్పుడు నమ్మాను నిన్ను," అంటుంది. "దారి తెలియదన్న డ్రైవరు నన్నెప్పుడూ కాలవలో పడెయ్యలేదు. తెలుసు తెలుసన్నవాడే పడేశాడు."

"దిగండి పిన్నిగారూ. నేను దిగాలి. తెలియదని చెప్పానుగా."

"అందుకేగా ఎక్కాము." ఆమె వెనక్కి తిరిగి కేకేస్తుంది. "రండమ్మా రండి, ముందుకి జరగండి, మధ్యలో ఖాళీ ఉంది."

పాఠకులంతా ఎక్కుతున్నారు. ఇందాక వెచ్చటి గోడ ఉన్నచోట ఇప్పుడు జాగా ఉంది, ఎంతమంది ఎక్కితే అంత జాగా. ఎవరి కుక్కరు వాళ్ళు అలమారు కింద దింపేసి, చేతులు దులుపుకుని వస్తున్నారు. తెలియదందట, తెలియదందట అని ఒకరికొకరు సంతోషంగా చెప్పుకుంటున్నారు. చివర పరబ్రహ్మం గారు వస్తారు, చేతివేళ్ళకి ఇంకా కొబ్బరినూనె ఉంది.

"మీరెందుకండీ? మీరు బయట ఉండాలి గదా," అంటుంది దమయంతి.

"అందరూ ఇక్కడుంటే పత్రిక ఎవరికి వెయ్యను దమయంతమ్మా," అని ఆయన ఒక మూల సర్దుకుని నిలబడతారు. హైమవతి ఆయన చేతిలో టిక్కెట్టు పెట్టి, "రైట్ రైట్" అంటుంది.

మూత దిగి పట్టేస్తుంది.

దమయంతి తొక్కుతుంది, ఇంకేం చెయ్యాలో తెలియక. గది సాగుతుంది. చెంగున ముడి తనంతట తనే విడిపోయి, అందులోది అందరి కడుపుల్లోకీ వెళ్తుంది. అందరూ ఒక్కసారి "అబ్బ" అంటారు. హైమవతి కళ్ళు మూసుకుంటుంది. శేషుబాబు నమలడం ఆపుతాడు. ఆ రెప్పపాటు ఎవరికీ బయటికి పోవాలని లేదు.

తర్వాత మొదటి విజిలు వస్తుంది.

అందులో ఉన్నవాళ్ళందరికీ ఆ చప్పుడు తెలుసు. ఎవరో ఒకరు లేచి మంట తగ్గించాలి. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆవిరి దిగందే మూత రాదని, బలవంతాన తియ్యకూడదని వాళ్ళకి నేర్పింది దమయంతే. అందుకని ఎవరూ మూత ముట్టుకోరు. పరబ్రహ్మం గారు కండువాతో మెడ తుడుచుకుంటారు.

దమయంతి బొత్తాం కన్నానికి కన్ను ఆనిస్తుంది.

బయట గది ఖాళీగా ఉంది. వాళ్ళు దింపేసిన కుక్కర్లు ఒక్కొక్కటే జరిగి వచ్చి పొయ్యి చుట్టూ నిలబడుతున్నాయి, ఏవీ తోసుకోవడం లేదు. పై అలమారు మీంచి చొట్టపడ్డ పాత అల్యూమినియం కుక్కరు మెల్లగా దిగుతుంది, లోపల మేకులు గలగలమంటున్నాయి. మిగతావి దారిస్తాయి. అది పొయ్యి గట్టు దగ్గరికొచ్చి, మూత కాస్త పక్కకి వంచి, కారు రేకుకి ఆనించి వింటుంది.

"కొనొచ్చా?" అని అడుగుతుంది ఒక చిన్న కుక్కరు.

పాత కుక్కరు తొందరపడదు.

"ఇంకొక్క విజిలు రానివ్వండి," అంటుంది.