నా రెండు చివరల ముడి

నేను ఒక ఇనుప రాడ్డును. మనిషి చేతిలో పడేదాకా నాకు భయం అంటే ఏమిటో తెలియదు.

జూట్ మిల్లు మూతపడ్డాక యంత్రాలను తుక్కు కింద అమ్మేస్తుంటే, మా కమ్మరి అప్పలాచారి నన్ను ఏరి తెచ్చుకున్నాడు. అప్పట్లో నేను యంత్రంలో గిర్రున తిరిగే ఇరుసుని. కొలిమిలో పెట్టి, వంపు తీసి, రెండు చివరలూ నున్నగా సానబట్టి, ఊరి వ్యాయామశాలకు ఇచ్చాడు. విజయనగరం వైపు ఊళ్ళలో ఇదొక పిచ్చి. ఇంట్లో కంచం లేకపోయినా ఫర్వాలేదు గాని ఊళ్ళో బరువులెత్తే గది లేకపోతే పక్క ఊరి ముందు తలెత్తుకోలేరు. నా చివరలకు ప్లేట్లు తగిలించారు. ఆ బరువుతో నన్ను మనుషుల గుండెల మీదకు దించి పైకి నెట్టడం మొదలుపెట్టారు. దింపిన ప్రతిసారీ నాకు గుబులే. కింద ఉన్నది ఎముకలు. నేనేమో ఇనుము.

ఆ గుబులు నిజమైన రోజు ఒకటుంది. సన్యాసప్పడని ఒక వస్తాదు ఉండేవాడు. అతని ఛాతీ మీద ధాన్యం ఆరబోసుకోవచ్చు అనేవారు. పందొమ్మిదేళ్ళ కిందట ఒక ఉదయం ఎవరూ లేనప్పుడు బెంచి మీద పడుకుని నన్ను దించాడు. మళ్ళీ పైకి లేపలేకపోయాడు. నేను అతని రొమ్ము మీద కూర్చుండిపోయాను. లేవాలని నాకూ ఉంది. ఇనుముకు ఉండి ఏం లాభం? చివరికి అతను నన్ను ఒక పక్కకు ఒరిగించాడు. కుడివైపు ప్లేట్లు జారి కింద పడ్డాయి. తేలికైన ఆ కొస ఎగిరింది, నేను గిరుక్కున తిరిగి అతని ఎడమ భుజాన్ని విరగ్గొట్టి నేల మీద పడ్డాను. మనిషి బతికాడు. ఆ భుజం మాత్రం మళ్ళీ పైకి లేవలేదు. అతను మళ్ళీ ఈ గడప తొక్కలేదు. ఎదురుగానే టీ బడ్డీ పెట్టుకున్నాడు.

ఊరి పెద్దలు కూర్చుని తర్జనభర్జన చేశారు. ప్లేట్లు జారాయి కాబట్టే చెయ్యి విరిగిందని తేల్చారు. అవి జారబట్టే ప్రాణం దక్కిందని ఒక్కడికీ తట్టలేదు. మనుషుల తీరే అంత. ముంచినదానికి బొట్టు పెడతారు, కాపాడినదాన్ని కట్టేస్తారు. ఆ ఏటి నుంచి దసరా ఆయుధ పూజకు ప్లేట్లను పసుపు పూసిన తాడుతో నా రెండు చివరలకూ బిగించి ముడేయడం ఆచారమైంది. ఆ తాడుకు కత్తి తగలకూడదు, ముడి విప్పకూడదు. దానంతటది చివికి తెగాల్సిందే.

ఈ ఏడు నా దగ్గరకు అసిరితల్లి వచ్చింది. అందరూ అసిరి అంటారు. పదిహేడేళ్ళ పిల్ల, కబడ్డీ ఆడుతుంది. కాళ్ళలో చురుకుంది గాని, రెండో సగం వచ్చేసరికి కూతకు ఊపిరి చాలదు. పట్టుకుంటే విడిపించుకునే బలం లేదు. జిల్లా జట్టు ఎంపికలకు నెలన్నర ఉంది. ఈసారి పేరు రాకపోతే ఆట మాని జీడిపిక్కలు కొట్టడానికి రావాలని వాళ్ళమ్మ తేల్చి చెప్పేసిందట. వాళ్ళమ్మ వేళ్ళు ఆ జీడి సొనకు కాలి నల్లబడ్డాయని, ఆ వేళ్ళు తనకు వద్దని ఈ పిల్ల డ్రిల్లు మేష్టారితో చెప్తుంటే విన్నాను.

మేష్టారు ఒక కాగితం మీద రాసిచ్చారు. పొద్దున్నే చెరకు తోటల గట్టు వెంట పరుగు, తర్వాత తాడాట, గుంజీలు, ఆ తర్వాత నేను. మొదట ప్లేట్లు లేని ఒట్టి రాడ్డు, పదేసి సార్లు, మూడు విడతలు. వారానికి కొంచెం బరువు. కింద గీత గీసి మరీ రాశారు, ఒంటరిగా ఎత్తొద్దని. పోయిన దసరా తాడు అప్పటికే చివికి తెగింది కాబట్టి ప్లేట్లు తీయడానికి అడ్డు లేదు. మొదటి రోజు ఒట్టి నన్నే ఎత్తలేక ఆమె చేతులు వణికాయి. నేనూ వణికాను. అది ఆమె వణుకే అనుకుంది. మూడు వారాలు గడిచేసరికి పట్టు కుదిరింది. ప్రతి విడత అయ్యాక నన్ను స్టాండు మీద పెట్టినప్పుడు ఠంగుమని మోగేవాణ్ణి. ఆ మోతకు ఎదురు బడ్డీలో గ్లాసులు కడిగే చప్పుడు ఒక్క క్షణం ఆగేది. సన్యాసప్పడు నా వైపు చూసేవాడు కాదు గాని, వినేవాడు.

దసరా వచ్చింది. కుంకుమ పెట్టారు, గుమ్మడికాయ కొట్టారు, నా చివరలకు ప్లేట్లు బిగించి తాడు కట్టారు. మర్నాడు ఉదయం ఊరంతా పండగ బడలికలో పడుకుని ఉంది. ఎంపికలకు ఇంకా పద్దెనిమిది రోజులే. అసిరి ఒక్కతే వచ్చింది. కాగితం చూసుకుంది. అందులో ఉన్నదానికి రెట్టింపు బరువు నా మీద ఉంది. తీద్దామని ముడి మీద చెయ్యి వేసి, కళ్ళకద్దుకుని వదిలేసింది. కొయ్యరాని తాడు కదా. బరువు పెరిగితే బలమూ తొందరగా వస్తుందని అనుకుని ఉంటుంది. వద్దే తల్లీ అని అరవాలనిపించింది. నాకు నోరేది?

మొదటి విడత ఆరుసార్లు ఎత్తి, ఠంగుమని పెట్టింది. రెండోది నాలుగు, ఠంగు. మూడో విడతలో రెండోసారి దించినప్పుడు నాకు తెలిసిపోయింది. మోచేతుల్లో సత్తువ అయిపోయింది. నేను దిగిపోయాను. ఆమె గొంతుకు బెత్తెడు కింద ఆగాను. ఆమె నెట్టింది. మళ్ళీ నెట్టింది. కేక వేద్దామనుకుంది. ఊపిరి నా కింద ఉంది. ఒక పక్కకు ఒరిగించింది. ప్లేట్లు కదల్లేదు, తాడు బిర్రుగా పట్టుకుంది. ఇంకో పక్కకు ఒరిగించింది. అటూ అంతే. నా కింద ఆమె గుండె, కంగారుపడ్డ కోడిపిల్ల గోడకు కొట్టుకున్నట్టు కొట్టుకుంటోంది. ఆ చప్పుడు నాకు పందొమ్మిదేళ్ళుగా తెలుసు. ఆనాడు జారిపోయే దారి ఉంది. ఈనాడు దేవుడి పేరు చెప్పి దాన్ని మూసేశారు.

బడ్డీలో గ్లాసుల చప్పుడు ఆగింది. మూడో ఠంగు కోసం ఆగింది. అది రాలేదు. పాలు పొంగి పొయ్యి మీద పడిన చుయ్యిమనే శబ్దం వినిపించింది, ఆ తర్వాత చెప్పులు లేని కాళ్ళ పరుగు.

గడప దగ్గర ఆ పరుగు ఆగిపోయింది. సన్యాసప్పడు నన్ను చూశాడు. అతని ముఖం సున్నం కొట్టినట్టయింది. నాకు అతనంటే భయం, అతనికి నేనంటే భయం. మా ఇద్దరి మధ్య ఒక పిల్ల ఊపిరి తగ్గిపోతోంది. ఎంతసేపు నిలబడ్డాడో నేను చెప్పలేను. మూడు గుండె చప్పుళ్ళని మాత్రం తెలుసు, ఎందుకంటే నేను వాటి మీదే ఉన్నాను.

తర్వాత అతని కుడిచెయ్యి నా కొస కిందకు వచ్చింది.

"గుంటా, బయపడకు. నానట్టుకున్నాను. నువ్వు అటేపు జారిపో."

ఒంటిచేత్తో నా ఒక కొసను లేపాడు. మంచి చెయ్యి మీద నరాలు తాళ్ళలా లేచాయి. సందు దొరికింది. అసిరి పక్కకు జారి నేల మీద పడి, దగ్గుతూ ఊపిరి తీసుకుంది. నేను దభీమని బెంచి మీద పడ్డాను. అతను మొలలోంచి అల్లం కోసే చాకు తీశాడు.

"దేవుడి తాడు పెద్దయ్యా, కొయ్యకూడదన్నారు," అంది అసిరి, దగ్గు ఆపుకుంటూ.

"నాను ఆనాడు సావనిది ఈ ప్లేట్లు జారిపోబట్టేనే. ఆ మాట నోరిప్పి సెప్పడానికి ఇన్నేళ్ళూ ఈ గుమ్మం దాటలేపోయాను. తప్పు నాదే."

రెండు ముడులూ కోసేశాడు. చివరలు తేలికై నాకే ఊపిరాడినట్టయింది.

పెద్దలు కేకలేశారు, అపచారమన్నారు. మర్నాడు అతను నా ముందు నిలబడి వాళ్ళకు ఆ కథంతా చెప్పాడు. ఒకరిద్దరు తల గోక్కున్నారు. తాడు మాత్రం మళ్ళీ కట్టలేదు. అసిరి నాలుగు రోజులు రాలేదు. అయిదో రోజు వచ్చి, నన్ను కాలితో చిన్నగా తోసి, "నీ పని సెప్తానుండు," అంది. కాగితంలో ఉన్నంతే ఎత్తింది. ఎంపికల్లో పన్నెండో పేరు ఆమెది. ఆఖరి పేరే గాని, పేరు పేరే.

ఇప్పటికీ రోజూ వస్తుంది. సన్యాసప్పడు బడ్డీని భార్యకు అప్పగించి వచ్చి, తలవైపు నిలబడి కుడి అరచెయ్యి నా కిందే ఉంచుతాడు, తగలకుండా. ఆ చెయ్యి వణుకుతుంది. ఆమె మోచేతులూ వణుకుతాయి. నా సంగతి చెప్పనే అక్కర్లేదు. మూడో విడత అయి ఠంగుమన్నాక ముగ్గురం ఒక్కసారే ఊపిరి వదులుతాం. ఇనుముకు ఊపిరేమిటని మీరు అడగొచ్చు. ఒకసారి మనిషి గుండె మీద ఇరుక్కుని చూడండి.