తుల్లియో పక్కన చోటు

చచ్చినవాళ్ల పండగనాడు ఊరంతా చామంతులు పట్టుకుని శ్మశానంలో తిరుగుతుంటే, నివెస్ తమ కుటుంబ సమాధి గది గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఎదురుగా మేనత్త ఎర్సీలియా. తొంభై దాటినా నోటికి మాత్రం ముసలితనం రాలేదు ఆ మహాతల్లికి.

"మీ నాన్న పోయి ముప్పై ఏళ్లు దాటింది. ఎముకలు ఏరించి చిన్న పెట్టెలో పెట్టించు. గోడలో ఆ అర నాకియ్యి. అందరూ చేసేదేగా! నేను మా పెద్దన్న తుల్లియో పక్కన పడుకోవాలి."

"సిగ్గులేదూ? పెదనాన్నని పట్టిచ్చిందే నువ్వు!"

ఊరందరికీ తెలిసిన సంగతే అది. యుద్ధంలో నల్లచొక్కాల ఫాసిస్టులు కొండెక్కి వచ్చినప్పుడు, వాళ్ల మీద తిరగబడ్డ తుల్లియో చెస్ట్‌నట్లు ఆరబెట్టే గుడిసెలో ఉన్నాడని చెప్పింది పదకొండేళ్ల ఎర్సీలియానే. అతన్ని అక్కడే కాల్చేశారు. నివెస్ తండ్రి ఒలిందో బతికినంతకాలం ఆ చెల్లెల్ని గడప తొక్కనివ్వలేదు.

"ఔనే, చెప్పాను. ఎందుకు చెప్పానో ఎప్పుడైనా అడిగావా?"

"తెల్లరొట్టె పెట్టారుగా, మెక్కడానికి!"

"నీ మొహం! ఆ రొట్టె కథ అల్లింది మీ నాన్నే. తుల్లియో ఎక్కడున్నాడో చెప్పకపోతే గడ్డికొట్టం తగలబెడతామన్నారు వాళ్లు. పట్టాళం నుంచి పారిపోయొచ్చిన మీ నాన్న ఆ గడ్డి కిందే నక్కి ఉన్నాడు. మా అమ్మ నన్ను గట్టిగా గిల్లి, 'తుల్లియో సంగతి చెప్పెయ్యి' అంది. చెప్పాను."

"అబద్ధం! నాన్నకి తెలిస్తే..."

"తెలియకేం? గడ్డి కిందున్నవాడికి చెవులుండవా? ఊరు ఎవరినో ఒకరిని తిట్టాలిగా, నన్ను చూపించాడు. నోరెత్తనని అమ్మ నాచేత ఒట్టు వేయించుకుంది. ఇన్నాళ్లూ మోశాను. ఇక నావల్ల కాదు!"

ముసలిదాని చెంప పగలగొట్టాలనిపించింది నివెస్‌కి. అంతలో నాన్న చివరి జ్వరం గుర్తొచ్చింది. "తగలబెట్టేస్తారు, చెప్పెయ్యవే, చెప్పెయ్యి" అని రాత్రింబవళ్లూ అరిచేవాడు. అప్పుడు ఎవరికీ అర్థం కాలేదు. ఇప్పుడు ఆమెకి అర్థమైంది. తను పుట్టిందే ఆ మాట వల్ల! ఛీ, ఎవరి తరఫున పోట్లాడింది ఇన్నేళ్లూ?

అటుగా వెళ్తున్న కాటికాపరిని కేకేసింది. "ఈ ఒలిందోని తీసెయ్యి. ఎముకలు పెట్టెలో వేసి కింద మూలన పడెయ్యి."

తర్వాత అత్త మీద విరుచుకుపడింది. "చాలా? కడుపు చల్లబడిందా?"

"చల్లబడ్డమా! మీ నాన్నా, ఆ తర్వాత నువ్వూ, జీవితమంతా నన్ను ఈ గుమ్మం బయటే నిలబెట్టారు. ముందు అడ్డు లే. మా అన్నకి పూలు పెట్టుకోవాలి."

నివెస్ పక్కకి తప్పుకుంది.