మోటారు గది గడియ

జువ్వలదిన్నె దగ్గర, సముద్రం ఒడ్డునున్న వృద్ధాశ్రమంలో పొద్దున కాఫీలవగానే ఫేబీ పని మొదలయ్యేది. ఆమెకు చూపు లేదు. నెల్లూరులో చూపులేనివాళ్లకు మసాజ్ నేర్పేచోట పని నేర్చుకుని వచ్చింది. ఒక చేత్తో గోడ తడుముకుంటూ, రెండో చేతిలో గోరువెచ్చని నువ్వులనూనె గిన్నెతో మంచం మంచం దగ్గరికీ పోయేది.

ఆమె వేళ్లు గట్టిగా నొక్కినచోట, మనిషి మరిచిపోయింది తిరిగొచ్చేది. వెంకటశేషమ్మ పిక్కలు పట్టిన రోజున నాట్లప్పటి పాటొకటి వచ్చి, ఆమె పొద్దుగూకేదాకా పాడింది. జకరయ్య భుజం పడితే వలకు ముడేసే పద్ధతి గుర్తొచ్చి, ఆయన కిటికీ తెరల అంచులన్నీ అల్లేసినాడు. ఆశ్రమం నడిపే మెహబూబున్నీసా చేసిందల్లా ఒకటే. జ్ఞాపకాలొస్తే ముసలాళ్లు ఇడ్లీ ముట్టడం లేదని, ఫేబీని టిఫిన్లయినాకే రమ్మంది.

ఆ ఎండాకాలం హరినాథ్ వచ్చి చేరినాడు. ఒకప్పుడు ఆ పక్కనే రొయ్యపిల్లల హేచరీ నడిపిన మనిషి. మతిమరుపు జబ్బు ముదిరి అన్నీ పోయినాయి, పసిపిల్లాడి నవ్వొకటి మిగిలింది. ఆయాలకు ఆయనంటే ప్రాణం.

"తిన్నావా తల్లీ?" అని ఫేబీని అడిగినాడు.

ఆ గొంతు ఎవరిదో ఆమెకు వెంటనే తెలిసిపోయింది.

పెళ్లికాని వయసులో ఫేబీ ఆయన హేచరీలో తొట్లు కడిగేది. ఒక మధ్యాహ్నం యాసిడ్ క్యాను మూత ఊడి, ముఖాన చిమ్మింది. కేకలు పెట్టింది. బయట రొయ్యపిల్లలు కొనడానికి వచ్చినవాళ్లున్నారు. హరినాథ్ ఆమెను మోటారు గదిలోకి తోసి, "అరవబాక, బేరం చెడిపోద్ది" అని గడియ పెట్టినాడు. వాళ్ల కార్లు పోయినాకే తీసినాడు. వెంటనే నీళ్లతో కడిగి తెచ్చుంటే చూపు దక్కేదని డాక్టరన్నాడు. ఆ పిల్ల తాగి పనికొచ్చిందని హరినాథ్ ఊరంతా చెప్పినాడు. ఊరు నమ్మింది.

ఇప్పుడదంతా మరిచిపోయి హాయిగా ఉన్నాడు. ఫేబీకి ఒళ్లు మండింది అక్కడే. నేనింకా మోస్తుంటే, ఈయన దించేసుకున్నాడే అనుకుంది.

"ఆయన్ని నాకొదిలెయ్యండి మేడమ్. రోజూ నేనే చూసుకుంటా."

"అంతకంటేనా!" అని మెహబూబున్నీసా సంతోషించింది.

ఫేబీ ఆయన ఒంట్లో వెతకడం మొదలుపెట్టింది. వీపులో ఆయన తల్లి దొరికింది. మోకాలి వెనక తొలి సైకిలు, మెడ దగ్గర పెళ్లిపందిరి. ఆయన మురిసిపోయి చెప్పుకుంటుంటే, పైపైన తాకి దాటుకుంటూ పోయింది. చివరికి ఒక ఆదివారం కుడిచెయ్యి పట్టుకుంది. గడియ పెట్టిన చెయ్యి. బొటనవేలి మొదట్లో చిన్న ముడిలా గట్టిగా తగిలింది. ఒంటి బరువంతా వేసి నొక్కింది.

ఆయన నవ్వు ఆగిపోయింది.

"తియ్యండ్రా! ఆ పిల్ల లోపలుంది, గడియ తియ్యండ్రా!"

"ఎవురు పెట్టినారయ్యా గడియ?"

"నేనే. నేనే పెట్టినా."

"ఆ పిల్ల తాగుండిందా?"

"లేదు. అబద్ధం చెప్పినా."

చూడొచ్చిన కూతురు భానుప్రియ పక్కనే పండ్లు కోస్తా ఉంది. జకరయ్య విన్నాడు, ఆయాలు విన్నారు. అందరూ ఆ చుట్టుపక్కల మనుషులే. సాయంత్రానికి మాట రేవు దాకా పోయింది.

భానుప్రియ ఫేబీ చేతులు పట్టుకుంది. "మా నాయన చేసింది తప్పే. ఇప్పుడేమీ తెలియని మనిషి గదా. ఆ జ్ఞాపకం ఇచ్చినదానివి నువ్వే తీసెయ్, నీకు దండం పెడతా."

"నాకు తియ్యడం రాదమ్మా."

వచ్చో రాదో ఆమె ఎప్పుడూ చూడలేదు. ఇక చూడదల్చుకోలేదు.

జబ్బు తన పని తాను చేసుకుపోయింది. ఆయనకు తల్లి పోయింది, సైకిలు పోయింది, పెళ్లి పోయింది. కూతుర్ని ఎవరమ్మా నువ్వన్నాడు. తన పేరూ పోయింది. ఆ మధ్యాహ్నం ఒక్కటే కదలకుండా ఉండిపోయింది. లోపల ఆ పిల్ల అరుస్తూనే ఉంది. ఆయన గడియ కోసం గోడలు తడుముతూనే ఉన్నాడు.

ఫేబీ పని మానలేదు. రోజూ వచ్చి, శ్రద్ధగా ఆయన కాళ్లు పడుతుంది. ఆమె ఎవరో ఆయనకు తెలియదు. కళ్లనీళ్లతో కొంగు పట్టుకుంటాడు.

"ఆ పిల్లను బయటికి తీసినారా తల్లీ?"

ఫేబీ అరికాలికి మెల్లగా నూనె అద్దుతుంది.

"ఇంకా లేదయ్యా" అంటుంది.